సున్నాతో ముగిసే అంకెలు

జనవరి 6

చిన్నోడా,

నిన్న ఫోన్‌లో నువ్వు అడిగినదానికి ఫోన్‌లో జవాబివ్వను. ఎందుకో నీకూ తెలుసు. రెండు మాటలకోసారి నన్ను నవ్వించి, అడిగిన ప్రశ్న పక్కనుంచి జారుకుంటావు. కాగితం మీద ఆ ఆటలు సాగవు. ఈ మూడు నెలలూ మన మధ్య ఉత్తరాలే నడుస్తాయి. ప్రాణం మీదికి వస్తే తప్ప ఫోన్ వద్దు.

నాకు అర్థమైనది రాస్తాను, తప్పుంటే దిద్దు. మరదలి కిడ్నీలు రెండూ పనిచేయడం మానేసి పది నెలలైంది. వారానికి మూడుసార్లు డయాలసిస్. నీ కిడ్నీ ఆమెకు సరిపోతుందని పరీక్షల్లో తేలింది. కానీ నూట ఇరవై ఎనిమిది కిలోల మనిషిని బల్ల మీద పడుకోబెట్టి, ఉన్న రెండింటిలో ఒకటి తీసేసి ఇంటికి పంపడానికి మీ డాక్టర్లు ఒప్పుకోవడం లేదు. నీ ఎత్తుకు నూట ఎనిమిది దాటకూడదన్నారు. మార్చి నెలాఖరుకల్లా ఆ ఇరవై కిలోలూ దిగితే ఏప్రిల్‌లో ఆపరేషన్‌కు తేదీ ఇస్తామన్నారు. ఇంతేనా?

బరువు తగ్గాల్సినవాళ్ళకు ఆహారం నిర్ణయించడమే పద్దెనిమిదేళ్ళుగా నా ఉద్యోగం. కాబట్టి తమ్ముడిలా కాకుండా, చీటీ పట్టుకుని నా గదిలోకి వచ్చిన మనిషిలా విను. రోజుకు ఎనిమిది వందల కేలరీలు, పన్నెండు వారాలు. నువ్విప్పుడు తింటున్నదాంట్లో ఇది మూడో వంతు కూడా ఉండదు. పార్సిల్‌లో పంపుతున్న పొడి ప్యాకెట్లు రోజుకు నాలుగు, నీళ్ళలో కలుపుకుని తాగాలి. ఒక గిన్నెడు ఉడికించిన ఆకుకూర, దాని మీద ఒక చెంచా నూనె. ఆ నూనె మానకు. బొత్తిగా కొవ్వు తగలకపోతే పిత్తాశయం కదలకుండా ఉండిపోతుంది, అందులోని పసరు చిక్కబడి రాళ్ళు కడుతుంది. నీళ్ళు మూడు లీటర్లు. బీపీ మాత్రలు తగ్గించమని మీ డాక్టరుకు విడిగా రాశాను, నీ అంతట నువ్వు మార్చకు. ప్రతి సోమవారం ఉదయం ఆసుపత్రిలో తూకం చూపించుకుని ఆ అంకె నాకు రాయి. రెండు వారాలకోసారి రక్తపరీక్ష. కుడివైపు పక్కటెముకల కింద నొప్పి వచ్చినా, లేచి నిలబడగానే కళ్ళు తిరిగినా ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళు.

చెప్పినదానికన్నా ఎక్కువ తినడం ఎంత తప్పో, తక్కువ తినడమూ అంతే తప్పు. నా అనుభవంలో తిండిపోతుల కన్నా తొందరపడేవాళ్ళే నన్ను ఎక్కువ భయపెట్టారు.

మీ బావగారు, నువ్వు ఎప్పుడో పట్టుకెళ్ళిన కోటు మళ్ళీ నీకు పట్టే రోజొస్తే తిరిగి ఇచ్చేయమంటున్నారు.

అక్క


జనవరి 27

అక్కకి,

ముందు అంకెలు, లేకపోతే మిగతాది నువ్వు చదవవు. మొదటి సోమవారం 130. రెండో సోమవారం 120. రక్తం ఇచ్చాను, అంతా బాగానే ఉందన్నారు.

ఇక నీ పొడి సంగతి. ప్యాకెట్ మీద వెనిల్లా అని రాసి ఉంది. ఆ రాసినవాడు దాన్ని జన్మలో తాగి ఉండడు. తడిసిన అట్టపెట్టె నమిలినట్టుంది. మొదటి నాలుగు రోజులూ తల పగిలిపోయింది, ఎవరు పలకరించినా కరవాలనిపించింది. ఐదో రోజునుంచి ఆకలే చచ్చిపోయింది. పొద్దున్నే నాలుగు ప్యాకెట్లూ బల్ల మీద వరసగా పెట్టుకుంటున్నాను, ఒక్కోటీ చింపినప్పుడల్లా ఏప్రిల్ ఒక అడుగు దగ్గరికొచ్చినట్టుంటుంది.

కాటా దగ్గర లారీవాళ్ళకు విషయం తెలిసిపోయింది. పదహారేళ్ళుగా వాళ్ళ బళ్ళు తూచి చీటీలు కొట్టిస్తున్నాను కదా, ఇప్పుడు నా తూకం వాళ్ళకు కావాలి. నిన్న ఒకడు కిటికీలోంచి తల పెట్టి, "గురూ, నువ్వు కాస్త గదిలోంచి బయటికొచ్చి నిలబడు. నీ బరువంతా నా ఇసుకలో కలిసిపోతోంది" అన్నాడు. "కలిస్తే నీకే లాభం కదరా" అన్నాను. వాడు వెళుతూ వెళుతూ, "తొందరగా తగ్గు గురూ, వదిన బాగుండాలి" అన్నాడు. వాడికివ్వాల్సిన చీటీ నా చేతిలోనే ఉండిపోయింది.

ఒక్కటే కష్టంగా ఉంది. నువ్వు నన్ను మూడు లీటర్లు తాగమన్నావు. నీ మరదలికి డాక్టరు రోజంతటికీ ముప్పావు లీటరు ఇచ్చాడు. తను గ్లాసులో చుక్కలు చూసుకుంటూ నాలుక తడుపుకుంటుంటే, పక్కన కూర్చుని నేను గటగటా ఎలా తాగను? స్నానాలగదిలో సీసా దాచుకుని, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో తాగుతున్నాను. దొంగసారా తాగేవాడిలా ఉంది నా బతుకు.

చిన్నోడు


ఫిబ్రవరి 2

చిన్నోడా,

తలనొప్పి తగ్గినందుకు సంతోషం. లారీ ఆయనకు నా నమస్కారం చెప్పు.

అంకెలే నాకు కొరుకుడు పడలేదు. నూట ఇరవై ఎనిమిది దగ్గర మొదలుపెట్టిన మనిషి ఈ ఆహారం మీద వారంలో రెండు కిలోలు పెరగడు. పెరిగినా, మరుసటి వారమే పది కిలోలు దిగడు. మొదట్లో ఒంట్లోని నీరు పోతుంది కాబట్టి మూడు నాలుగు కిలోలు చప్పున తగ్గుతాయి, తర్వాత వారానికి ఒకటిన్నర, రెండు. చెప్పులు విప్పి తూగుతున్నావా? తూచేది మంచి యంత్రమేనా? ఇక్కడి నుంచి నాకు కనిపించేది నువ్వు రాసే ఆ ఒక్క అంకే. దాన్ని బట్టే నీకేం చెప్పాలో తేల్చుకోవాలి.

నీళ్ళ విషయం చదివి ఆ రోజు భోజనం దగ్గర నేనూ గ్లాసు ఎత్తలేకపోయాను. కానీ నువ్వు తాగాలి. కుళాయి తిప్పుకునైనా సరే.

అక్క


ఫిబ్రవరి 24

అక్కకి,

నాలుగు సోమవారాలు ఒక్కసారే రాస్తున్నాను, ఆలస్యానికి తిట్టుకో. 120, 120, 120, 120.

యంత్రం గురించి దిగులు పెట్టుకోకు. ఏడాదికోసారి అధికారులు వచ్చి పరీక్షించి ముద్ర వేసి వెళ్ళే యంత్రం. నా సంగతి నీకు తెలుసు, చీటీ మీద పడని అంకె నేను నోటితో కూడా అనను. ప్యాంటు మాత్రం నిలవడం లేదు. బెల్టుకు మేకుతో రెండు కొత్త కన్నాలు పెట్టాను.

నా దొంగతనం బయటపడింది. మొన్న స్నానాలగదిలోంచి వస్తే నీ మరదలు గుమ్మంలోనే ఉంది. "రోజుకు ఆరుసార్లు స్నానం చేసే మనిషిని నేనెక్కడా చూడలేదు" అంది. ఇక చెప్పక తప్పలేదు. అంతా విని నా చేతిలో సీసా తీసుకుని గ్లాసు నిండా పోసి, "నా ఎదురుగానే తాగండి. ఇంట్లో ఒకళ్ళన్నా దాహం తీరా తాగుతుంటే చూడ్డానికి బాగుంటుంది" అంది. తాగాను. గుటక గుటకకీ చూసింది. అయిపోయాక, "ఇంకోటి" అంది.

చిన్నోడు


ఫిబ్రవరి 28

చిన్నోడా,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చింపేశాను. ఇది నాలుగోది.

నూట ముప్పై. నూట ఇరవై. మళ్ళీ నాలుగు నూట ఇరవైలు. ప్రతిదీ సున్నాతోనే ముగిసింది. మనిషి శరీరం అలా మెట్లు దిగినట్టు తగ్గదు. ఎనిమిది వందల కేలరీల మీద ఉన్నవాడు నెల రోజులు ఒకే చోట నిలబడడు. ఇది నా అభిప్రాయం కాదు, లెక్క. నా గదికి వచ్చేవాళ్ళలో ఇలా ఉజ్జాయింపు అంకెలు చెప్పేవాళ్ళు నెలకు ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. వాళ్ళెవరూ చెడ్డవాళ్ళు కారు. సిగ్గుపడినవాళ్ళు. ఎక్కడో ఒక పూట జారి ఉంటారు, తూకం చూసుకోవడానికి భయపడి ఉంటారు.

మీ ఆసుపత్రికి రాసి కనుక్కోగలను. కనుక్కోను. నువ్వే చెప్పాలి. ఎప్పుడు, ఏం తింటున్నావు? కాటా దగ్గర ఎవరైనా పెడుతున్నారా? నేను కోప్పడను. కానీ మార్చి నెలాఖరు దగ్గరపడుతోంది, మరదలి ఒంట్లో ఎన్ని రోజులకు శక్తి ఉందో నాకూ తెలియదు, నీకూ తెలియదు.

అక్క


మార్చి 10

అక్కకి,

నీ ఉత్తరం చేరి వారమైంది. నేను ఇంట్లో లేనప్పుడు వచ్చింది, నీ మరదలే విప్పింది. చదివి మడిచి బల్ల మీద పెట్టి, "వదిన అడిగినదానికి మీరే జవాబు రాయండి" అని మాత్రం అంది. నేను తినడం లేదని తనకు తెలుసు. అయినా ఆ సాయంత్రం నేను బయటినుంచి రాగానే నా చొక్కా తీసి మేకుకు తగిలిస్తూ ఒక్క క్షణం వాసన చూసింది. చూసినందుకు తనే సిగ్గుపడింది.

నేనేమీ తినలేదక్కా. నువ్వు నమ్మినా నమ్మకపోయినా ఇంతకంటే రాయడానికి ఏమీ లేదు.

ఈ సోమవారం 110. మళ్ళీ సున్నానే. ఏం చేయమంటావు.

చిన్నోడు


మార్చి 15

చిన్నోడా,

నూట పది! ఉత్తరం చేతిలో పట్టుకునే వంటింట్లోకి వెళ్ళి మీ బావగారికి చూపించాను. ఆయన కోటు సంగతి మళ్ళీ ఎత్తారు.

నా మాటలు నొప్పించి ఉంటాయి. పోనీ, నొప్పించినా పనిచేశాయి కదా. పాతదేదీ ఇక అడగను. ఇంకో రెండు కిలోలు. నెలాఖరుకు తప్పకుండా చేరతావు. మరదలికి చెప్పు, ఏప్రిల్‌కు నేను సెలవు పెట్టేశాను. ఆపరేషన్ గది బయట మీ ఇద్దరికీ కలిపి ఒక్కదాన్నే కూర్చోవాలి, నాకోసం మంచి కుర్చీ చూసి పెట్టమను.

అక్క


ఏప్రిల్ 3

అక్కకి,

పడుకుని రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటాయి. మొన్న ఫోన్‌లో నువ్వు ఏడుస్తుంటే చెప్పలేకపోయినవన్నీ ఇందులో రాస్తాను.

నేను ఆసుపత్రిలో తూగలేదు. డిసెంబరులో మొదటిసారి వెళ్ళినప్పుడు నడవాలో, అందరి మధ్య నిలబెట్టి తూచారు. తూచినతను అటు చివర రాసుకునే ఆవిడకు వినబడేలా "నూట ఇరవై ఎనిమిది!" అని అరిచాడు. బెంచీ మీద ఎవడో "ఒక్కడికేనా, ఇద్దరికీ కలిపా?" అన్నాడు. అందరూ నవ్వారు. నన్ను ఎంతమంది ఎన్ని అన్నా నేనూ నవ్వేసేవాడినే. కానీ నీ మరదలు పక్కన చక్రాల కుర్చీలో ఉంది. తను తల దించుకుంది. రక్తం ఇవ్వడానికి వెనక గుమ్మంలోంచి వెళ్ళేవాడిని గానీ, ఆ నడవాలోకి మళ్ళీ అడుగు పెట్టలేకపోయాను.

ఇంట్లో తూకం సూది నూట పదితో ఆగిపోతుంది. అందుకని ప్రతి సోమవారం పొద్దున్నే, లారీలు రాకముందు, మా కాటా ఎక్కి నిలబడి చీటీ కొట్టుకున్నాను. అరవై టన్నులు తూచే కాటా అది. పదికిలోల లెక్కనే అంకె వేస్తుంది, మధ్యది దానికి తెలియదు. నూట పదిహేను ఉన్నా నూట ఇరవై అంటుంది, నూట ఇరవై నాలుగు ఉన్నా నూట ఇరవై అంటుంది. నాకు తెలుసు. నీకు చెప్పాలంటే నడవా సంగతి చెప్పాలి. అదీగాక చీటీ మీద పడ్డ అంకె రాశాను కాబట్టి అబద్ధం రాయలేదనుకున్నాను.

ఏం తింటున్నావని అడిగిన నీ ఉత్తరం వచ్చాక నాలుగు ప్యాకెట్లు రెండు చేశాను. ఆకుకూర మీద నూనె మానేశాను. అది లెక్కేసుకుంటే ఇప్పుడు నవ్వొస్తోంది, ఏమీ తగ్గించకపోయినా ఒక వారం అటో ఇటో కాటా నూట పది చూపించేదే. పన్నెండు రోజుల తర్వాత కుడివైపు పోటు మొదలైంది. నువ్వు జనవరిలో రాసిన కాగితం తీసి చదివాను. పక్కటెముకల కింద అని స్పష్టంగా ఉంది. చదివి మళ్ళీ మడిచి పెట్టేశాను. చెబితే ఆపేస్తావు. ఆపితే ఏప్రిల్ పోతుంది.

మార్చి 24న చీటీ కొడుతూ కాటా గదిలోనే పడిపోయాను. ఆ ఇసుక లారీ అతనే ఎత్తుకెళ్ళాడట. పిత్తాశయం నిండా రాళ్ళు, చీముపట్టింది. తీసేశారు. అక్కడ పడుకోబెట్టి తూస్తే నూట తొమ్మిది. కిడ్నీ డాక్టరు వచ్చి నా మంచం పట్టె మీద చెయ్యి వేసి నిలబడ్డాడు, "ఒళ్ళు కుదుటపడాలి, ఈ ఇన్‌ఫెక్షన్ పూర్తిగా పోవాలి, జూలైలో చూద్దాం" అన్నాడు.

నీ మరదలు రోజు విడిచి రోజు కింది అంతస్తులో డయాలసిస్ అయ్యాక లిఫ్టులో పైకి వచ్చి నా పక్కన కూర్చుంటోంది. ఎవరం ఎవరికి కాపలానో నర్సుకు అర్థం కావడం లేదు.

చిన్నోడు


ఏప్రిల్ 8

చిన్నోడా,

రాళ్ళు చేరడం ఈ ఆహారం మీద అన్నీ సరిగా పాటించినా కొందరికి జరుగుతుంది. ఇది నీ తప్పు తగ్గించడానికి రాయడం లేదు, నిజం కాబట్టి రాస్తున్నాను.

ఇక నా తప్పు. అంకెలు నడవని దారిలో నడుస్తుంటే ముందు యంత్రాన్ని అనుమానించాలని నా దగ్గర పని నేర్చుకునే పిల్లలకు మొదటి రోజే చెబుతాను. నీకు ఫిబ్రవరిలో ఒక్కసారి అడిగాను, నువ్వు ముద్ర అన్నావు, ఊరుకున్నాను. ఎక్కడ తూగుతున్నావని రెండో ప్రశ్న వేయలేదు. నువ్వు తింటున్నావని మాత్రం చాలా తేలిగ్గా నమ్మేశాను. లావుగా ఉన్న మనిషి చెప్పే మాట మీద నాకూ అందరికున్నట్టే ఒక చిన్నచూపు ఉందని ఈ వయసులో తెలిసింది. ఆ బెంచీ మీద కూర్చుని వెక్కిరించినవాడికీ నాకూ తేడా ఎంత?

జూలై దూరం కాదు. ఇప్పుడు నువ్వు తగ్గాల్సిన పని లేదు. తిను. ఏమేం తినాలో వెనక కాగితం మీద రాశాను.

అక్క


జూన్ 9

అక్కకి,

నువ్వు పది రోజులుండి వెళ్ళాక ఇల్లు మరీ పెద్దదైపోయింది.

నువ్వున్నప్పుడు మనం మాట్లాడుకోలేదు, నువ్వు గిన్నెలు తోముతూ ఉండిపోయావు, నేను వచ్చినవాళ్ళకు కుర్చీలు వేస్తూ ఉండిపోయాను. అందుకని రాస్తున్నాను. డయాలసిస్ కోసం నీ మరదలి మెడ దగ్గర పెట్టిన గొట్టంలోంచి రక్తంలోకి క్రిమి పాకిందన్నారు. డయాలసిస్ మధ్యలో వణుకు మొదలైంది. నాలుగు రోజులే ఉంది. మూడో రోజు తెలివిలోకి వచ్చి, "మీరు తిన్నారా?" అని అడిగింది. తిన్నానన్నాను. "ఏం తిన్నారు?" అంది. తన దుప్పటి సర్దబోయాను. అప్పటికి పొద్దుటినుంచి ఏమీ తినలేదు. "అబద్ధం కూడా సరిగ్గా రాదు మీకు" అంది. ఇక ఆ తర్వాత మాటల్లేవు.

ఏప్రిల్‌లో నా కిడ్నీ పెట్టి ఉంటే మే నెలలో ఆ గొట్టం మెడలో ఉండేది కాదు. డాక్టరును అడిగాను. "అలా లెక్కేయకండి" అన్నాడు. కాదని మాత్రం అనలేదు.

నీకు ఒక విషయం చెప్పాలి, తిట్టకు. నేను ఇంకా ప్యాకెట్లే తాగుతున్నాను. అలమరలో ఒక పెట్టె మిగిలింది. పొద్దునొకటి, సాయంత్రమొకటి. ఆకలికి కాదు, బరువుకూ కాదు. మూడు నెలలపాటు తనకోసం నేను చేసిన పని అదొక్కటే. అది మానేస్తే ఇక తనకోసం చేయడానికి ఏమీ ఉండదు. కిందటి వారం ఇంట్లో తూకం మీద నిలబడితే తొంభై ఎనిమిది చూపించింది. అంతకంటే తక్కువైనా డాక్టర్లకిప్పుడు నాతో పనేమిటి.

చిన్నోడు


జూన్ 14

చిన్నోడా,

ఆపు. ఆ ఆహారం ఇచ్చింది నేను, ఆపమని చెప్పే హక్కు నాదే. ఈ ఉత్తరం అందిన పూటే ఆపు. పక్కవాళ్ళెవరినైనా పిలిచి ఆ పెట్టె ఇచ్చెయ్యి. ఒక్కసారిగా కడుపు నిండా తినకు, ఇన్నాళ్ళూ అంత తక్కువ మీద ఉన్న శరీరం దాన్ని తట్టుకోలేదు. మొదటి మూడు రోజులూ పలచగా, కొద్దికొద్దిగా, రోజుకు ఐదారుసార్లు. ముందు రక్తపరీక్ష. ఈసారి ముందు గుమ్మంలోంచే వెళ్ళు, నేను ఆ డాక్టరుకు ఫోన్ చేసి చెప్పాను, నిన్ను లోపలి గదిలో తూస్తారు.

ఇది రాయకుండా ఇకముందు నేను నీకు ఏ సలహా రాసినా అది దొంగతనమే అవుతుంది. మార్చి 12న మరదలు నాకు ఫోన్ చేసింది. "వదినా, పెట్టెలో ప్యాకెట్లు మిగిలిపోతున్నాయి. రోజుకు నాలుగు తగ్గాలి కదా, రెండే తగ్గుతున్నాయి" అంది. గొంతులో భయం ఉంది. నేను ఏమనుకున్నానో తెలుసా? ప్యాకెట్లు మిగిలాయంటే బయట తింటున్నాడని అర్థం అనుకున్నాను. నువ్వు నాలుగుకు బదులు రెండు తాగి ఊరుకుంటావన్న ఆలోచనే నాకు రాలేదు. "నేను చూసుకుంటానులే, నువ్వు బెంగపెట్టుకోకు" అన్నాను. మూడో రోజు నీ నూట పది చూసి పొంగిపోయి, ఆ ఫోన్ సంగతి మరిచిపోయాను. నీకు పోటు రావడానికి ఇంకా టైముంది. ఒక్క ప్రశ్న అడిగి ఉంటే చాలు. పద్దెనిమిదేళ్ళ పని, ఒక్క ప్రశ్న.

తను పోయేవరకూ ఆ మాట నాతో మళ్ళీ ఎత్తలేదు. ఎత్తి తిట్టి ఉంటే బాగుండేది.

నువ్వు నన్ను క్షమించక్కర్లేదు. తింటే చాలు.

అక్క


జూన్ 21

అక్కకి,

తను ఫోన్ చేసిందని నాకు తెలుసు. పక్క గదిలోనే ఉన్నాను, ప్రతి మాటా వినబడింది. నువ్వు నన్ను అడుగుతావని వారం రోజులు భయపడుతూ కాచుకుని ఉన్నాను. నువ్వు అడగలేదు. ఉత్తరం విప్పి అందులో ఆ ప్రశ్న లేదని చూసి హమ్మయ్య అనుకున్నాను. ఆ ఊపిరి నాది. దానికి నువ్వు ఏడవకు.

పెట్టె ఇచ్చేశాను. రక్తం ఇచ్చాను. లోపలి గదిలోనే తూచారు, ఎవరూ అరవలేదు. తొంభై ఆరున్నర. అర కూడా ఉంది చూడు.

నువ్వు రాసినట్టే మూడు రోజులు పలచగా తాగాను. ఈ మధ్యాహ్నం అన్నం వండాను, గుప్పెడు. మెత్తగా ఉడికించి, ఉడికిన కూరగాయ ముక్కలు కలుపుకుని, వంటింట్లో నిలబడే తినబోయి, మళ్ళీ బల్ల దగ్గరికి తెచ్చుకుని కూర్చున్నాను. ఎదురు కుర్చీ ఖాళీగా ఉంది. ఆ వైపు చూడకుండా మొదటి ముద్ద పెట్టుకున్నాను. చప్పగా ఉంది. చప్పగా ఉందని నాకు తెలిసినందుకు, తెలిసే నాలుక ఇంకా నా నోట్లో ఉన్నందుకు ముద్ద గొంతులో ఉండగానే ఏడుపొచ్చింది. తర్వాత లేచి వెళ్ళి ఉప్పు తెచ్చుకున్నాను.

చిన్నోడు